స్విచ్ ఆపినా చావని పెట్టె

లీటరు పాలు 654 రూపాయల 72 పైసలు. చంద్రగిరి దాటి పాకాల వైపు పోతూ లోపలికి తిరిగితే వచ్చే ఓ పల్లెలో, పోయిన వానాకాలం ఒక సాయంత్రం ఆవు పాలకు పలికిన ధర ఇది. ఆ స్లిప్పు ఇప్పటికీ నా పర్సులో ఉంది. 6.4 లీటర్లు, ఫ్యాట్ 3.8, ఎస్‌ఎన్‌ఎఫ్ (కొవ్వు కాక పాలలో ఉండే గట్టి పదార్థం) 8.5, మొత్తం 4190.21. నిజానికి రావాల్సింది లీటరుకు 35.20 లెక్కన 225 రూపాయల 28 పైసలు.

పాల కేంద్రం నడిపే అక్క మా అమ్మ తరఫు చుట్టం. ఖర్మ కొద్దీ ఆ స్లిప్పు వచ్చింది ఆమె సొంత మరిదికి. అతను దాన్ని ఫోటో తీసి నవ్వులాటకని ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. ఊరు నవ్వలేదు. "ఇన్నాళ్ళూ ఇంకెన్ని మార్చినారో" అని మొదలైన మాట, "మిషను ఆమె చేతిలో ఉంది, అది ఎంత చెప్తే మనం అంత తీసుకోవాల్సిందే కదా" అనే దాకా పోయింది. అక్క ఫోన్ చేసి ఏడ్చినంత పని చేసింది.

"పెట్టెకు ఏదో పట్టినట్టుంది నాయనా. స్విచ్ ఆపేసినా చావడం లేదు. నువ్వొచ్చి చూడు."

తిరుపతిలో నాది చిన్న పని. పాడైన బోర్డులు బాగుచేస్తాను, ఎవరైనా అడిగితే కొత్తవి కూడా కట్టిస్తాను. పదిహేనేళ్ళుగా ఇదే పని. ఈ పనిలో ఉన్నవాళ్ళకు ఓ రోగం ఉంటుంది: ఎదుటివాళ్ళు చెప్పింది సగమే విని, మిగతా సగం మనమే ఊహించుకుంటాం. "చావడం లేదు" అన్న మాటను నేను అట్లాగే కొట్టిపారేశాను. ఎవరో రేటు చార్టులో తప్పు కొట్టి ఉంటారులే అనుకుని రెండు రోజులు తాత్సారం చేశాను. తీరా చూస్తే అక్క చెప్పింది అక్షరాలా నిజం.

కేంద్రంలో బల్ల మీద మూడు వస్తువులు. పాల క్యాను పెట్టే ఎలక్ట్రానిక్ కాటా, ఫ్యాట్ చూసే అనలైజరు, ఈ రెండిటి అంకెలూ తీసుకుని లెక్క కట్టి స్లిప్పు కొట్టే పెట్టె. బయట గోడకు రైతులు చూసుకోవడానికి ఎర్ర అంకెల డిస్‌ప్లే. కాటా లోపల 6 వోల్టుల బ్యాటరీ ఉంటుంది, కరెంటు పోయినా తూకం ఆగకూడదని. లెక్కల పెట్టెకు ఆ సౌకర్యం లేదు, దానికి గోడ అడాప్టరే దిక్కు. అంటే కరెంటు పోతే కాటా బతికి ఉండాలి, పెట్టె చావాలి.

నేను పోయిన సాయంత్రం వాన మబ్బు కమ్మింది, కరెంటు పోయింది. నాకు కావాల్సిందీ అదే. పెట్టె తెర మీద పై వరసలో నల్లటి గళ్ళు పదహారు, కింది వరస ఖాళీ. పవర్ లైటు మిణుగురు పురుగులా మినుకుమంటోంది. అక్క అడాప్టరు ప్లగ్గు పీకి నా చేతికిచ్చింది. "చూడు నాయనా, పూర్తిగా పీకేసినా. అయినా ఎలుగుతానే ఉంది."

ప్లగ్గు నా చేతిలో, వెలుగు పెట్టెలో. ఒక్క క్షణం నాకూ ఏం పాలుపోలేదు. తర్వాత పెట్టె వెనక కాటా నుంచి వచ్చే వైరు పీకాను. తెర టక్కున ఆరిపోయింది. మళ్ళీ గుచ్చాను. మళ్ళీ పదహారు గళ్ళు.

"అంటే కాటా నుంచి కరెంటు వస్తాందా?" అంది అక్క. "అది తూకం చెప్పే వైరు కదప్పా, కరెంటు వైరు కాదు కదా?"

నేను రాయాలనుకున్నదంతా ఆ ప్రశ్నలోనే ఉంది. తూకం చెప్పే వైరు కూడా కరెంటు వైరే. మాట మోసే తీగకు, బలం మోసే తీగకు రాగిలో తేడా ఏమీ లేదు. తేడా మనం గీసుకునే బొమ్మలోనే. ఆ బొమ్మ గీసేటప్పుడు రెండు పెట్టెలూ ఎప్పుడూ వెలుగుతూనే ఉంటాయని అనుకుని గీస్తాం. ఒకటి ఆగిపోయి రెండోది నడుస్తుంటే ఏమవుతుందో ఎవరూ గీయరు.

లోపల జరిగేది ఇది. సీరియల్ లైను, అంటే అంకెలను ఒకదాని వెనక ఒకటిగా పంపే తీగ, ఖాళీగా ఉన్నప్పుడు, అంటే ఏ మాటా పోనప్పుడు, హైలో నిలబడి ఉంటుంది. 5 వోల్టుల బోర్డయితే 5 వోల్టులు, 3.3 బోర్డయితే 3.3. కాటా రోజంతా పంపేది నాలుగు అంకెలు, మిగతా సమయమంతా ఆ తీగ మీద 5 వోల్టులు ఊరికే నిలబడి ఉంటాయి. అవతలి చిప్పులో ఆ తీగ చేరే పిన్నుకు, స్టాటిక్ కరెంటు తగిలి చిప్పు చావకుండా రెండు చిన్న డయోడ్లు ఉంటాయి. ఒకటి గ్రౌండు వైపు, ఇంకొకటి సప్లై వైపు. పిన్ను మీద వోల్టేజీ సప్లై కన్నా ఎక్కువైతే పై డయోడు తెరుచుకుని ఆ ఎక్కువను సప్లైలోకి తోసేస్తుంది. బోర్డు వెలుగుతున్నంతసేపూ రెండు వైపులా 5 వోల్టులే కాబట్టి డయోడు మూసుకునే ఉంటుంది. అడాప్టరు పీకితే సప్లై సున్నాకు జారుతుంది, పిన్ను మీద మాత్రం 5 వోల్టులు అట్లాగే ఉంటాయి. డయోడు తెరుచుకుంటుంది. కాటా బ్యాటరీ నుంచి, కాటా చిప్పు పిన్ను గుండా, తూకం తీగ మీదుగా, ఆ డయోడులోంచి పెట్టె మొత్తానికీ కరెంటు మొదలవుతుంది.

అక్కకు ఇట్లా చెప్పాను: పక్కింటి ఇన్వర్టరు నుంచి మనింటికి కాలింగ్ బెల్లు వైరు లాగినాం, కరెంటు పోయినప్పుడు ఆ బెల్లు వైరు మీద మనింటి ఫ్యాను తిరుగుతా ఉంది. ఆమెకు వెంటనే అర్థమైంది. "అయితే ఫ్యాను సరిగ్గా తిరగదు కదా" అంది. అంతకన్నా బాగా ఏ పుస్తకమూ చెప్పలేదు నాకు.

మీటరు పెట్టి చూశాను. అడాప్టరు లేకుండా పెట్టె సప్లై మీద 2.8 వోల్టులు. తూకం తీగ వచ్చే పిన్ను మీద 3.4. మధ్యలో తేడా 0.6. ఈ పని చేసేవాళ్ళు ఆ 0.6 చూడగానే దొంగను పట్టేసినట్టే, అది సిలికాన్ డయోడు వేలిముద్ర. మీటరును తీగకు వరసలో పెడితే 12 మిల్లీ ఆంపియర్లు. పెట్టెలో లెక్కలు చేసేది ఏటీమెగా328పీ, నేర్చుకునేవాళ్ళు వాడే ఆర్డుయినో ఊనో బోర్డులో ఉండే చిప్పే. ఆ చిప్పు తయారీదారుల అప్లికేషన్ నోటు ఒకటుంది, లోపలి క్లాంపు డయోడ్ల (ఇందాకటి ఆ రెండు డయోడ్లే) గుండా 1 మిల్లీ ఆంపియరుకు మించి పారనివ్వొద్దని అందులో ఉంది. ఇక్కడ దానికి పన్నెండింతలు, కరెంటు పోయినప్పుడల్లా, గంటల తరబడి.

సరే, సగం ప్రాణంతో ఉంటే ఉంది, 654 రూపాయలు ఎక్కణ్ణుంచి వచ్చాయి? ఈ చిప్పును 16 మెగాహెర్ట్జ్ వేగంతో నడపాలంటే డేటాషీటు (చిప్పు తయారీదారులు ఇచ్చే వివరాల పత్రం) లెక్కన 3.8 వోల్టుల దగ్గరైనా ఉండాలి. 2.8 దగ్గర అది చావదు, సరిగ్గా బతకదు. జ్వరం వచ్చిన మనిషి పలవరించినట్టు, ఒక ఆదేశం చదివి ఇంకొకటి చేస్తుంది. ఇట్లాంటప్పుడు చిప్పును పట్టి ఆపడానికి బ్రౌన్ అవుట్ డిటెక్షన్ అని ఒక కాపలా ఉంటుంది. 1.8, 2.7, 4.3 వోల్టుల్లో ఏదో ఒక హద్దు పెట్టుకోవచ్చు. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కొత్త చిప్పులో ఆ కాపలా అసలు ఆన్‌లోనే ఉండదు. ఊనో బోర్డుల్లో 2.7 దగ్గర పెట్టి ఇస్తారు. మా పెట్టెలో ఉన్నదీ 2.7. సప్లై ఎంత? 2.8. కాపలావాడు గుమ్మంలో కూర్చునే ఉన్నాడు, దొంగ వాడి ముందు నుంచే నడిచి పోయాడు.

రేటు చార్టు ఉండేది ఆ చిప్పులోని 1024 బైట్ల ఈఈప్రామ్‌లో, అంటే కరెంటు పోయినా మరిచిపోని మెమరీలో. ధర పైసల్లో, ఒక్కో ధరకు రెండు బైట్లు. 35.20 అంటే 3520 పైసలు, పెద్ద బైటులో 13, చిన్న బైటులో 192. పలవరింతలో ఎప్పుడో చిప్పు ఆ పెద్ద బైటును తుడిచేసింది. ఈఈప్రామ్‌లో తుడిచేసిన బైటు సున్నా కాదు, 255. 255ను 256తో గుణించి 192 కలిపితే 65472. అంటే 654 రూపాయల 72 పైసలు. ఫ్యాట్ 3.8, ఎస్‌ఎన్‌ఎఫ్ 8.5 గడి ఒక్కటే చెడింది. ఆ పూట ఆ రెండు అంకెలూ సరిగ్గా కుదిరిన పాలు మరిదివి. తక్కువ వోల్టేజీ దగ్గర ఈఈప్రామ్ చెడిపోవచ్చని, ఆ కాపలా ఆన్‌లో పెట్టుకొమ్మని డేటాషీటులోనే రాసి ఉంది. మనం చదవం.

ఈ లెక్క కాగితం మీద వేసి ఊరి పెద్దాయనకు చూపించాను. ఆయన పాత పీయూసీ. 255, 256 చూసి తల ఊపాడు. గుంపులో మాట చల్లబడింది. కానీ ఒక్కటి గమనించాను. యంత్రం తప్పు చేస్తే ఎవరూ యంత్రాన్ని అనరు. దాని పక్కన కూర్చున్న మనిషినే అంటారు, అందులోనూ ఆమె ఆడమనిషి అయితే ఇంకా తొందరగా అంటారు.

ఇప్పుడు చెప్పాల్సిన మాట ఇంకొకటుంది. ఆ తూకం తీగను నేరుగా కలిపింది ఎవరో కాదు, నేనే. మూడేళ్ళ కింద పిడుగుపాటుకు పెట్టెలోదీ కాటాలోదీ మ్యాక్స్232 చిప్పులు రెండూ పోయాయి. బోర్డు వోల్టేజీని ఆర్‌ఎస్-232 అనే సీరియల్ కేబుళ్ళ ప్రమాణానికి తగ్గట్టు మార్చేవి అవి. నా దగ్గర అప్పుడు అవి లేవు. రెండు బోర్డులూ 5 వోల్టులవే, మధ్యలో ఈ చిప్పులెందుకు అనుకుని రెండిటినీ దాటేసి తీగలు నేరుగా అతికించాను. ఎందుకైనా మంచిదని 100 ఓంల రెసిస్టరు ఒకటి వేశాను. టీఎక్స్‌కు (పంపే పిన్ను) ఆర్‌ఎక్స్ (తీసుకునే పిన్ను), గ్రౌండుకు గ్రౌండు. నడిచింది. అక్క కాఫీ ఇచ్చింది. నేను తెలివైనవాణ్ణని అనుకుంటూ ఇంటికొచ్చాను.

ఆ "మధ్యలో ఈ చిప్పులెందుకు" అన్న మాట గురించే నా గొడవంతా. ఆర్‌ఎస్-232 ప్రమాణం మొదట వచ్చింది 1960లో, ఎక్కువ వాడుకలోకి వచ్చిన సి కూర్పు 1969లో. దాన్ని రాసినవాళ్ళు ఒక సంగతి గుర్తుపెట్టుకున్నారు: తీగకు అటూ ఇటూ ఉండేవి రెండు వేరువేరు యంత్రాలు, వేరువేరు ప్లగ్గులు, వేరువేరు మనుషుల చేతుల్లో స్విచ్చులు. అందుకే పంపే వైపు కరెంటు లేనప్పుడు కూడా కనీసం 300 ఓంల అడ్డు చూపించాలని రాశారు. తీసుకునే వైపు 3 నుంచి 7 కిలో ఓంల మధ్య ఉండాలన్నారు. కేబుల్లో ఏ తీగ ఏ తీగకు తగిలినా ఏదీ కాలకూడదన్నారు. ఆగిపోయి ఉన్న యంత్రం ఎట్లా ప్రవర్తించాలో కూడా వాళ్ళు నియమం పెట్టారు. తర్వాత మనం ఆ చిప్పులను పది ఇరవై రూపాయలు మిగులుతాయని తీసేశాం. ప్రోటోకాల్ అదే, బాడ్ రేటు (బిట్లు పోయే వేగం) అదే, కోడు అదే, కాబట్టి ఏమీ పోలేదనుకున్నాం. పోయింది ఆ 300 ఓంల ఆలోచన.

పాఠాల్లో ఉండేదీ ఇదే. యూట్యూబులో తెలుగులో చెప్పినా ఇంగ్లీషులో చెప్పినా సీరియల్ కనెక్షన్ అంటే మూడు వాక్యాలు: టీఎక్స్ ఆర్‌ఎక్స్‌కు, ఆర్‌ఎక్స్ టీఎక్స్‌కు, గ్రౌండు కామన్. కాస్త జాగ్రత్త ఉన్నవాళ్ళు నాలుగోది చెప్తారు, 5 వోల్టులను 3.3 బోర్డుకు కలపొద్దని. ఐదోది ఎవరూ చెప్పరు: ఒక వైపు ఆపి చూడు. నిజానికి ఇది బల్ల మీద అర నిమిషం పరీక్ష. ఒక బోర్డుకు సప్లై పీకి, దాని వీసీసీ (సప్లై పిన్ను) మీద మీటరు పెట్టు. సున్నాకు దగ్గరగా వస్తే సరే. రాకపోతే నీ బోర్డు వేరేవాళ్ళ అన్నం తింటోంది.

తీగ మీద వచ్చే సిగ్నలుతోనే బతకడం కొత్త విషయమూ కాదు. పాతకాలం సీరియల్ మౌసులకు వేరే సప్లై ఉండేది కాదు, ఆర్‌టీఎస్, డీటీఆర్ అనే కంట్రోల్ తీగల మీద నుంచే కరెంటు లాక్కునేవి. డీఎస్18బీ20 అనే ఉష్ణోగ్రత సెన్సారు డేటా తీగ మీదనే బతకగలదు, దానికి పేరే పారసైట్ పవర్. కావాలని చేస్తే అది ఇంజనీరింగు. తెలియకుండా జరిగితే మరిదికి 654 రూపాయలు.

ఇక మందుల సంగతి. అందరూ మొదట చెప్పేది, నేనూ మొదట చేసింది, రెసిస్టరు పెంచడం. 100 ఓంలు తీసి 1 కిలో ఓం వేశాను. ఊనోలో యూఎస్‌బీ చిప్పుకు అసలు చిప్పుకు మధ్య ఉండేది కూడా 1 కిలో ఓమే, అంతటివాళ్ళు వాడారు కదా అని ధీమా. పవర్ లైటు ఆరిపోయింది, తెర మీద గళ్ళు పోయాయి. పది రోజుల తర్వాత మళ్ళీ ఫోను: కరెంటు వచ్చాక పెట్టె బిగుసుకుపోయింది, మీట నొక్కినా పలకడం లేదు. పోయి చూస్తే, అడాప్టరు పీకినప్పుడు సప్లై మీద 1.4 వోల్టులు వేలాడుతోంది. చిప్పు కొత్తగా నిద్ర లేచినట్టు మొదలవ్వాలంటే సప్లై ముందు ఒక హద్దు కిందికి దిగాలి. ఈ చిప్పుకు ఆ హద్దు మామూలుగా 1.3 వోల్టుల దగ్గర, చిప్పును బట్టి 0.6 నుంచి 1.6 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. అంటే 1.4 దగ్గర ఒక రోజు రీసెట్ అవుతుంది, ఇంకో రోజు అవ్వదు. రోజూ వచ్చే జబ్బును అప్పుడప్పుడు వచ్చే జబ్బుగా మార్చాను, అంతే. మా పనిలో ఇంతకన్నా చెడ్డ రిపేరు లేదు.

రెసిస్టరును తిట్టడం లేదు. అది కరెంటును తగ్గిస్తుంది, డయోడును కాపాడుతుంది, అందుకు ఎప్పుడూ ఉండాల్సిందే. కానీ నిద్రలో మైక్రో ఆంపియర్లు తాగే ఈ కాలపు బోర్డులను సగం బతికించడానికి మిల్లీ ఆంపియరులో పదో వంతు కూడా చాలు. 10 కిలో ఓంలు వేసినా కొన్నిటికి చాలు. అది గేటుకు గొళ్ళెం లాంటిది, తాళం వేరే ఉండాలి.

రెండు వైపులా కోడు మన చేతిలోనే ఉంటే పైసా ఖర్చు లేని మందు ఉంది. మా వైపు తోటల్లో బోరు మోటార్లకు మొబైల్ స్టార్టర్లు వాడతారు, ఫోను కొడితే మోటారు ఆన్ అవుతుంది. అట్లాంటిదొకటి కట్టినప్పుడు బ్యాటరీ మిగలాలని జీఎస్ఎం మాడ్యూలు సప్లైను మధ్య మధ్యలో ఆపేవాణ్ణి. ఆపినా అది పూర్తిగా ఆగేది కాదు, నా చిప్పు టీఎక్స్ పిన్ను దాన్ని పోషిస్తూ ఉండేది. సప్లై తీసే ముందు సీరియల్ పోర్టు మూసి, ఆ పిన్నును లో చేస్తే పోయింది. కానీ ఇది ఒకే ఇంట్లో మనుషుల మధ్య ఒప్పందం లాంటిది. కాటా ఒకరిది, పెట్టె ఒకరిది అయినప్పుడు కుదరదు. పైగా కరెంటు పోయేది చెప్పి పోదు.

డయోడు పద్ధతి నాకు ఇష్టం, ఎందుకంటే ఆలోచన అందంగా ఉంటుంది. తీసుకునే వైపు తన సొంత సప్లైకే 10 కిలో ఓంల పుల్ అప్ (తీగను పైకి, అంటే హై వైపు లాగి ఉంచే రెసిస్టరు) పెట్టుకుంటుంది. తీగలో ఒక షాట్కీ డయోడు (మామూలు దానికన్నా తక్కువ వోల్టేజీకే తెరుచుకునేది), బ్యాట్85 లాంటిది, పంపే వైపుకు మాత్రమే కరెంటు పోయేట్టు. ఇప్పుడు పంపేవాడు తీగను కిందికి లాగగలడు కానీ పైకి తోయలేడు. హై కావాలంటే తీసుకునేవాడు తన బలంతోనే లేవాలి. వాడికి సప్లై లేకపోతే లేవడు, ఎవరూ వాణ్ణి లేపరు. మామూలు సిలికాన్ డయోడు వేస్తే లో అనేది 0.7 దగ్గర ఆగుతుంది, 3.3 బోర్డుకు అది హద్దుకు మరీ దగ్గర, అందుకే షాట్కీ. ఇందులోనూ చిన్న కంత ఉంది. పంపేవాడు ఆగిపోయి తీసుకునేవాడు నడుస్తుంటే, ఆ 10 కిలో ఓంల గుండా కాస్త కరెంటు వెనక్కి పోతుంది. చాలాసార్లు ఫరవాలేదు. చాలాసార్లు అన్న మాట గమనించండి.

నన్నడిగితే, కొత్త బోర్డు గీసేవాళ్ళు ప్రతి సీరియల్ ఇన్‌పుట్ ముందూ 74ఎల్‌వీసీ1జీ17 లాంటి ఒక చిన్న బఫరు పెట్టేయాలి. ఈ జాతి చిప్పుల్లో సప్లై సున్నా అయినప్పుడు పిన్నులు దేనికీ అంటకుండా విడిపోతాయి, పిన్ను నుంచి సప్లైకు ఆ డయోడు దారే ఉండదు. డేటాషీటులో ఐఆఫ్ అన్న మాట ఉందో లేదో చూసుకోవాలి. పాత 74హెచ్‌సీలో అది లేదు, పేర్లు దగ్గరగా ఉన్నాయని ఒకదాని బదులు ఇంకొకటి పెడితే మళ్ళీ మొదటికే. బఫరుకు సప్లై తన బోర్డుదే ఇవ్వాలి. ఎవరి గుమ్మానికి వాళ్ళ కాపలా.

ఇక్కడ ఒక మోసం గురించి చెప్పాలి. 5 వోల్టులకు 3.3కు మధ్య వాడే నాలుగు దారుల చిన్న లెవెల్ షిఫ్టరు బోర్డులు ఉంటాయి కదా, బీఎస్ఎస్138 మాస్‌ఫెట్లతో (ఒక రకం ట్రాన్సిస్టర్లు). అది మధ్యలో ఉంటే రెండు వైపులూ విడిపోయినట్టే అని చాలామంది నమ్మకం. ఇంజనీరింగు కుర్రాడొకడు ప్రాజెక్టు పట్టుకొచ్చి, "షిఫ్టర్ పెట్టాం కదన్నా, ఇంకా ఎలా వస్తుంది?" అని వాదించాడు. ఆ మాస్‌ఫెట్‌లో సోర్సు నుంచి డ్రెయిన్‌కు ఒక బాడీ డయోడు పుట్టుకతోనే ఉంటుంది. సోర్సు 3.3 వైపు, డ్రెయిన్ 5 వైపు. 5 వోల్టుల బోర్డు ఆగిపోతే 3.3 వైపు హై నేరుగా ఆ డయోడు గుండా అవతలికి నడిచిపోతుంది. వాడి ముందే సప్లై పీకి మీటరు పెట్టి చూపించాను. వాడు మీటరు తప్పన్నాడు. నేనూ ఆ వయసులో అదే అనేవాణ్ణి.

అక్క పెట్టెకు చివరికి పెట్టింది ఆప్టోకప్లరు. పాత మ్యాక్స్232లు తిరిగి పెట్టినా పనయ్యేది. కానీ అవి ఒకసారి పిడుగుకు పోయాయి, గ్రౌండు కలిపి ఉంటే ఆ దారి తెరిచే ఉంటుంది. ఆప్టోలో ఇటు ఒక ఎల్‌ఈడీ, అటు దాని వెలుగు చూసే ట్రాన్సిస్టరు, మధ్యలో తీగ లేదు. వెలుగు మీద ఎవరూ వేరే ఇంటి ఫ్యాను తిప్పలేరు. పీసీ817 అయితే నా డబ్బాలో ఎప్పుడూ ఉంటుంది, చచ్చిన ఏ చార్జరు విప్పినా చాలావరకు ఒకటి దొరుకుతుంది. ఎల్‌ఈడీని కాటా 5 వోల్టుల నుంచి 470 ఓంల గుండా కాటా టీఎక్స్‌కు కట్టాను. అప్పుడు లైను ఖాళీగా ఉన్నప్పుడు ఎల్‌ఈడీ ఆరి ఉంటుంది, లో వచ్చినప్పుడే వెలుగుతుంది. కాటా బ్యాటరీ మీద భారం ఉండదు, సిగ్నలు తిరగబడదు. పెట్టె వైపు మొదట 10 కిలో ఓంల పుల్ అప్ పెడితే తూకం బదులు పిచ్చి అక్షరాలు వచ్చాయి. 9600 బాడ్ దగ్గర ఒక బిట్టు 104 మైక్రో సెకన్లు. ఆ ట్రాన్సిస్టరు బద్ధకంగా ఆరేసరికి బిట్టు దాటిపోతోంది. 2.2 కిలో ఓంలకు తగ్గించాక శుభ్రంగా చదివింది. 115200 కావాలంటే పీసీ817 పనికిరాదు, 6ఎన్137 గానీ, ఏడీయూఎం1201 లాంటి డిజిటల్ ఐసోలేటరు గానీ పెట్టాలి.

కాపలాను కూడా 4.3 వోల్టులకు మార్చాను. ఇక్కడ మీలో కొందరు పట్టుకుంటారని తెలుసు: అది ఒక్కటి మారిస్తే సరిపోయేది కదా, ఇంత హడావుడి ఎందుకు? నిజమే, స్లిప్పు మీద పిచ్చి ధరలు ఆగేవి. 2.8 దగ్గర చిప్పు రీసెట్‌లో కూర్చునేది, కరెంటు రాగానే మామూలుగా లేచేది. కానీ ఆ 12 మిల్లీ ఆంపియర్లు అట్లాగే పారుతుంటాయి, ఎవరికీ కనిపించకుండా. పిన్నులోకి కరెంటు తోస్తూ ఉండగా సప్లై ఎక్కితే కొన్ని చిప్పుల్లో లాచప్ అవుతుంది. అంటే లోపల ఉండకూడని థైరిస్టరు ఒకటి తెరుచుకుని సప్లైను గ్రౌండుకు కలిపేస్తుంది, ప్లగ్గు పీకేదాకా వదలదు. ఈ కాలపు చిప్పులు చాలావరకు తట్టుకుంటాయి. నా అభ్యంతరం వేరే. కాపలా ఒక్కటే మార్చి ఉంటే జబ్బు ఉండగానే జ్వరం తగ్గేది, మళ్ళీ ఏ మూడేళ్ళకో వేరే రూపంలో వచ్చేది. అప్పుడు ఇంకో మనిషి మీద నింద పడేది.

ఇదంతా చిన్న బోర్డుల గొడవ అనుకునేవాళ్ళు ఒకసారి కరెంటు స్తంభం వైపు చూడండి. లైన్‌మన్ లైన్ క్లియర్ (లైను ఆపామన్న అనుమతి) తీసుకున్నాక కూడా తీగకు ఎర్త్ రాడ్డు తగిలించాకే చెయ్యి పెట్టాలి. ఎందుకంటే సబ్‌స్టేషనులో ఆపేసినంత మాత్రాన తీగ చచ్చినట్టు కాదు. చేంజోవర్ స్విచ్ లేకుండా జనరేటరు తగిలించిన ఒక్క ఇల్లు చాలు. ఆ 230 వోల్టులు వీధి ట్రాన్స్‌ఫార్మరులోకి వెనక నుంచి ఎక్కి, అటు వైపు 11 కిలో వోల్టుల తీగ మీద కొన్ని వేల వోల్టులై నిలబడతాయి. ఇంటి పైకప్పు సోలారు ఇన్వర్టర్లకు గ్రిడ్డు పోగానే తమంతట తాము ఆగిపోవాలన్న నియమం అందుకే పెట్టారు. ఐట్రిపుల్ఈ 1547 ప్రమాణం దానికి ఇచ్చిన గడువు 2 సెకన్లు. అక్కడ మనిషి ప్రాణం పోతుంది కాబట్టి నియమం ఉంది. ఇక్కడ పోయేది పాల కేంద్రం అక్క మాట విలువ. దానికి ప్రమాణం ఎవరూ రాయలేదు.

ఆప్టో బిగించిన రోజు అక్క నన్ను పక్కకు జరిపి తనే పరీక్ష పెట్టింది. మెయిన్ ఆపింది. పెట్టె ఆరింది. తెర మీద చెయ్యి అడ్డం పెట్టి, చీకట్లో కళ్ళు చికిలించి, పవర్ లైటులో మెరుపేమైనా మిగిలిందా అని చూసింది. కాటా మీద పాల క్యాను అంకె మాత్రం వెలుగుతోంది. "ఇప్పుడు చచ్చింది" అంది తృప్తిగా. మళ్ళీ ఆన్ చేసింది, తూకం వచ్చింది. అట్లా మూడుసార్లు ఆపి చూసింది. నాలుగోసారి ఆపి, ఏదో గుర్తొచ్చినట్టు గుమ్మం దాటి బయటికి పోయింది.

"నాయనా, ఇట్రా" అని పిలిచింది. గోడ మీద ఎర్ర అంకెల డిస్‌ప్లే. దానికీ సప్లై వేరే అడాప్టరు, దానికి తీగ వచ్చేది అనలైజరు నుంచి, ఆ అనలైజరుకు కిందటి నెల ఎవరో యూపీఎస్ పెట్టి పోయారు. మెయిన్ ఆపి ఉన్నా అందులో చివరి అంకె సన్నగా, నిప్పురవ్వలా మెరుస్తోంది.